అంకె లేని అధ్యాయాన్ని పేరుతో చూపడమెలా?

ప్రశ్న: పొందూరు ఖాదీ గురించి లేటెక్ అనే అచ్చుకూర్పు సాఫ్ట్‌వేర్‌లో ఒక పుస్తకం కూర్చుతున్నాను. అధ్యాయాలకు అంకెలు వేయకుండా పేర్లే ఉంచి, ‘వాలుగ చేప దవడతో పత్తి ఏకడం’ చూడండి వంటి సూచనలను చేత్తోనే రాసుకున్నాను. తర్వాత కొన్ని శీర్షికలు మార్చాను గానీ, లోపలి సూచనల్లో పాత పేర్లే మిగిలిపోయాయి. కొత్త శీర్షికలు వాటంతట అవే వచ్చే మార్గం ఉందా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: ఉందండీ. నేమ్‌రెఫ్ ప్యాకేజీ (లేటెక్‌కు అదనపు సౌకర్యం చేర్చేది) అందుకే ఉంది. లింకులు ఏర్పరిచే హైపర్‌రెఫ్ ప్యాకేజీ వాడుతున్నట్లయితే అదే దీనిని వెంట తెచ్చుకుంటుంది. శీర్షిక రాసిన వెంటనే, దాని కిందనే, ఒక లేబుల్ (ఆ చోటుకు గుర్తుగా మీరు పెట్టుకునే పేరు) పెట్టండి. శీర్షిక ఎన్నిసార్లు మారినా లేబుల్ మారనక్కర్లేదు కనుక దానికి ‘ఏకడం’ వంటి పొట్టి పేరు చాలు. సూచన ఇవ్వవలసిన చోట నేమ్‌రెఫ్ ఆజ్ఞలో ఆ లేబుల్ రాస్తే శీర్షిక అచ్చవుతుంది. అంకెను చూపే మామూలు రెఫ్ ఆజ్ఞ మాత్రం వాడకండి. నక్షత్రం గుర్తుతో అంకె తీసేసిన శీర్షికల దగ్గర అది అంతకుముందు వచ్చిన వేరే విభాగం అంకెను తెచ్చిపెడుతుంది, పైగా తప్పు జరిగినట్టు ఎక్కడా హెచ్చరించదు.

కంపైల్ (రాసిన ఫైలును పుటలుగా మార్చడం) రెండుసార్లు చేయాలి. మొదటిసారి శీర్షికలు ఆక్స్ అనే సహాయక ఫైలులోకి చేరతాయి, రెండోసారి అక్కడి నుంచి పుటల్లోకి వస్తాయి. అప్పటికీ జంట ప్రశ్నార్థకాలు కనిపిస్తే లేబుల్ పేరులో అక్షరం తప్పిందేమో చూడండి.

తెలుగులో అసలు చిక్కు విభక్తుల దగ్గర వస్తుంది. యంత్రం శీర్షికను ఉన్నదున్నట్టు దించుతుందే తప్ప ‘అంచులు’ను ‘అంచుల్లో’ అనీ, ‘మగ్గం’ను ‘మగ్గానికి’ అనీ మార్చలేదు. ఆజ్ఞ పక్కనే ‘లో’ చేర్చితే ‘అంచులులో’ అని అచ్చయి చదివేవారికి పంటికింద రాయిలా తగులుతుంది. అందుచేత శీర్షికను ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉంచి, ‘అంచులు’ అనే అధ్యాయంలో, ‘మగ్గం’ అనే అధ్యాయానికి అంటూ విభక్తిని ‘అధ్యాయం’ మీదికి మళ్ళించండి. రేపు శీర్షిక ఏమైనా వాక్యం చెడదు.

అచ్చు పుస్తకంలో అంకె లేని శీర్షికను వెతకడం కష్టం కాబట్టి పేజ్‌రెఫ్ ఆజ్ఞతో పుట సంఖ్య కూడా తప్పక ఇవ్వండి. విషయసూచిక కోసం శీర్షికకు పొట్టి రూపం ఇచ్చి ఉంటే, సూచనల్లోనూ నేమ్‌రెఫ్ ఆ పొట్టి రూపాన్నే చూపుతుంది.