కొన్ని ఛానళ్లే పోతుంటే ముందు కనెక్టర్ విప్పి చూడండి

మబ్బు లేకపోయినా, గాలి వీచగానే కొన్ని ఛానళ్లలో బొమ్మ ముక్కలైపోయి ‘నో సిగ్నల్’ వస్తోంది, మిగతావి బాగానే ఉన్నాయి అన్నారు కదండీ. ఆ ‘కొన్ని’ అన్న మాటే అసలు ఆనవాలు. దయచేసి డిష్‌ని కదపకండి. అది తిరిగిపోయి ఉంటే దాదాపు అన్నీ పోయేవి.

సెట్‌టాప్ బాక్స్ అదే కేబుల్లో ఎల్‌ఎన్‌బీకి, అంటే డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ పట్టే భాగానికి, కరెంటు పంపుతుంది. 13 వోల్టులకు ఒక వరస ఛానళ్లు, 18కి రెండో వరస. కనెక్టర్ దగ్గర జాయింటు పాడైతే 18 వోల్టులు పూర్తిగా పైదాకా చేరవు, గాలికి కేబుల్ ఊగినప్పుడల్లా ఆ వరస మాయమవుతుంది.

బాక్స్ ప్లగ్ పీకేసి డాబా ఎక్కండి. ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్ విప్పండి. మా ఇంట్లో విప్పితే మధ్య రాగి తీగకు పచ్చగా చిలుము, వేలికి తడి! తళతళలాడే రాగి కనబడేదాకా కేబుల్ కోసి, కొత్త ఎఫ్ కనెక్టర్ (డిష్ కేబుల్ చివర మర తిప్పి బిగించేది) పెట్టాను. చుట్టూ ఉండే అల్లిక తీగలో ఒక్క పోగు కూడా మధ్య తీగను తాకకూడదు, అది మాత్రం కళ్లు పెట్టి చూడండి. కనెక్టర్ కింద కేబుల్ని ఓ వంపు తిప్పి కట్టారంటే వాననీళ్లు అక్కడే కారిపోతాయి.

డిష్‌కీ ఉపగ్రహానికీ మధ్య దారిలో కొబ్బరి మట్ట ఊగుతోందేమో కూడా చూడండి. అప్పటికీ పోతుంటే ఎల్‌ఎన్‌బీ మార్చి చూడండి.