చికిత్సకు వచ్చిన జంతువుతో పరిశోధన మొదలుపెట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

శస్త్రచికిత్స జరిగిన కుక్కలకు కొత్త నొప్పిమందు ఇచ్చి క్లినికల్ ట్రయల్ చేయబోతున్నావని మీ నాన్న చెప్పగానే ఎంత గర్వపడ్డానో అంత కలవరపడ్డాను. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్క జంతువునూ చేర్చుకోకు; ఎన్ని కుక్కలు కావాలో గణాంక నిపుణుల చేత లెక్క కట్టించు. ఇవి నీకు తెలిసినవే. నొప్పి ముదిరితే ఏం చేయాలన్నది తరువాత రాసుకోవచ్చులే అన్నావట, ఆ మాట మాత్రం నాకు నచ్చలేదు.

నేను చదువుకునే రోజుల్లో ఒకచోట ఇలాంటి ట్రయలే జరిగింది. సగం కుక్కలకు మందు, సగానికి ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి డోసు. అవసరమైతే వేరే నొప్పిమందు ఇవ్వవచ్చని, ట్రయల్ ఎలా జరపాలో ముందే రాసుకునే ప్రోటోకాల్‌లో ఉన్నా, ఆ అవసరాన్ని ఎవరు, దేన్నిబట్టి నిర్ణయించాలో లేదు. ఒక రాత్రి ఓ ఆడకుక్క నడుము వంచి బోను మూలకు తిరిగి నిలబడింది. పడుకోబోయి మళ్లీ లేచేది, కుట్ల దగ్గరికి చెయ్యి పోనిస్తే చటుక్కున తల తిప్పేది. అరవలేదు కనుక నొప్పి లేదన్నారు కొందరు. అనుమానించినవారు కూడా, ఆ వేరే మందు ఇస్తే కుక్క ట్రయల్ లెక్కలోంచి పోతుందేమోనని పెద్ద డాక్టరు వచ్చేదాకా, అంటే తెల్లవారేదాకా ఆగారు. వారెవరూ కఠినులు కారమ్మా, కాగితం మీద ఆదేశం లేదు, అంతే.

అందుకే కుక్క ప్రవర్తన చూసి నొప్పికి మార్కులు వేసే గ్లాస్గో సంక్షిప్త స్కేలులో 24కు 6 గానీ ఎక్కువ గానీ వస్తే, నడిపించి చూడలేని కుక్కకైతే 20కి 5 గానీ ఎక్కువ గానీ వస్తే, డ్యూటీలో ఉన్నవారే ఎవరినీ అడగకుండా ఆ వేరే నొప్పిమందు ఇవ్వాలని రాయి. అలా మందు ఇవ్వాల్సివచ్చిన కుక్కను లెక్కలోంచి తీసేయకు. ఆ సంగతే ట్రయల్లో కొలిచే ఒక ఫలితంగా ముందే ప్రోటోకాల్‌లో చేర్చు. పనిచేసే మందు చేతిలో ఉండగా ఒట్టి ప్లాసిబో దేనికి? కొత్తదాన్ని దానితోనే పోల్చు.

యజమానుల సంగతి తలచుకుంటే మరీ భయం. తన కుక్కకు వైద్యం చేస్తున్న డాక్టరే సంతకం అడిగితే కాదనడానికి ఎవరికైనా నోరు రాదు. సమ్మతి పత్రం గురించి వేరొకరి చేత మాట్లాడించు, ఆలోచించుకోవడానికి వ్యవధి ఇవ్వు, మధ్యలో మానుకున్నా వైద్యంలో లోటు రాదని స్పష్టంగా చెప్పించు. ఉచిత వైద్యాన్ని ఎర చేయకు. ఆ సంతకం యజమానిదే తప్ప కుక్కది కాదు కదా. దాని తరఫున అడ్డుపడవలసింది నువ్వే.

చిన్నప్పుడు దెబ్బతిన్న పిల్లిపిల్లను ఒళ్లో పెట్టుకుని అన్నం మానేసిన దానివి, నీకు ఇంత గట్టిగా రాయడం నాకూ కష్టంగానే ఉంది. కమిటీకి పంపే ముందు ప్రోటోకాల్ నాకు పంపు. నొప్పి గురించిన పేజీయే ముందు చదువుతాను.

నీ మామయ్య