బీరువాను వర్ణించకండి, కదిలించండి

‘కథలో కుర్చీ, మంచం, బీరువా గురించి రాస్తే పాఠకులు ఆ పేరా దాటేస్తారు కదా, అసలు రాయాలా?’ అని ఒకరు అడిగారు. పాఠకులు దాటేసేది జాబితాని, సామానుని కాదు. ‘ఓ మూల మంచం, పక్కన బల్ల, బల్ల మీద కూజా’ అన్నది ఇల్లు మారేటప్పుడు రాసుకునే చీటీ. ఎవరి చెయ్యీ పడని వస్తువు కథలో ఉన్నా లేనట్టే.

జర్మన్ భాషలో రాసిన కాఫ్కా పెద్ద కథ ‘మెటమార్ఫసిస్’ (1915) తీసుకోండి. పురుగైపోయిన గ్రెగర్ పాకడానికి చోటుండాలని చెల్లెలు గదిలో సామాను తీసేయబోతుంది. తల్లీ తనూ కలిసి బరువైన పాత బీరువా పట్టుకుంటారు. పావుగంట లాగాక తల్లి, దీన్ని ఇక్కడే ఉంచేద్దాం, తీసేస్తే వాడు బాగుపడతాడన్న ఆశ వదులుకున్నట్టే కదా అంటుంది. ఆమె చేత ఆ మాట అనిపించింది బీరువా బరువే. తేలికదైతే చిటికెలో గడప దాటేది, ఆమెకి ఆలోచన వచ్చే వ్యవధే ఉండేది కాదు. కొన్నాళ్లకి అదే గదిలోకి వంటింటి చెత్తడబ్బా చేరుతుంది. ఆ ఇంట్లో కొడుకు స్థానం ఏమైందో ఇక వేరే చెప్పక్కర్లేదు. కొందరు మాత్రం అది ఏ జాతి పురుగని ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

మీ కథలో ఒక్క వస్తువు ఎంచుకుని మూడుసార్లు వాడండి. సొరుగు అనుకుందాం. మొదటిసారి పని మధ్యలో, అర వాక్యంలో: ఇరుక్కున్న సొరుగుని ఆమె మోకాలితో తోసి మూసింది. రెండోసారి ఆ కిటుకు తెలియని మనిషి దాంతో కుస్తీ పట్టాలి. మూడోసారి అది వేలితో లాగితే వచ్చేయాలి. ఎవరో చిత్రిక పట్టారు, అంటే ఆమె లేనప్పుడు ఇంట్లోకి ఎవరో వచ్చారు.

ఇది చెడేది రుతువు దగ్గర. చెక్క గాలిలో తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, పొడవులో దాదాపు మారదు. అందుకే వానాకాలంలో సొరుగు ఇరుక్కుంటుంది, పొడి వాతావరణంలో వదులవుతుంది. మొదటి సన్నివేశం వానల్లో, మూడోది ఎండల్లో పెడితే మీ ఆధారం కాస్తా గాలికి పోయినట్టే. మూడూ ఒకే తడి నెలలో జరగాలి.

కొలతలూ చూసుకోండి. భోజనాల బల్ల ఎత్తు సుమారు 75 సెంటీమీటర్లు. రెండేళ్ల పిల్ల కళ్లు దాదాపు ఆ అంచు దగ్గరే ఉంటాయి. ఆ పిల్ల వైపు నుంచి రాస్తూ బల్ల నడుమ పళ్లెంలో ఏముందో చెప్పేస్తే ఎలా? ఆమెకి తెలిసింది బల్ల అడుగుభాగం, మేకులు, పెద్దవాళ్ల మోకాళ్లు.

చెయ్యి పడని వస్తువు లేనట్టే అన్నాను గానీ, ఏ పనీ లేకుండా ఊరికే ఉండేది గదికి ఒకటి ఉండొచ్చు, ఒకటే చాలు, నిజం ఇల్లనిపించడానికి.

ఇక నాయిక అద్దంలో చూసుకుని తన ముక్కు తానే వర్ణించుకోవడం, ప్రాణం పోయిన క్షణంలోనే గోడగడియారం ఆగడం దయచేసి మానేయండి. ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచే గడియారానికి వారానికోసారి కీ ఇవ్వాలి. కీ ఇచ్చే మనిషే పోతే అది వెంటనే ఆగదు, వారం తిరిగాక, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక ఆగుతుంది. అప్పుడు దాని తాళంచెవి కోసం ఎవరు వెతుకుతారో అది రాయండి.