రోజూ ఛార్జింగ్ పెట్టే వాచీ కొనొచ్చా? రొయ్యల గుంట గట్టు మీద నా లెక్క

మీరు అడిగింది ఇదీ: స్మార్ట్‌వాచీ కొందామనుకుంటున్నారు, కానీ రోజూ, లేదంటే రెండు రోజులకోసారి ఛార్జింగ్ పెట్టాలని అందరూ చెబుతుంటే దానికి డబ్బు పెట్టడం దండగేమోనని అనుమానం.

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం, మైపాడు వైపు. రొయ్యల సాగు. నాలుగేళ్లలో రెండు వాచీలు వాడాను. మొదటిది ఏడాదిన్నరకే పోయింది, రెండోది ఈ రాసేటప్పుడు కూడా చేతికే ఉంది. బ్యాటరీ ఎన్ని రోజులు వస్తుందని మాత్రమే చూసి మొదటిది కొన్నాను, అక్కడే దెబ్బతిన్నాను. వాచీ విప్పి పక్కన పెట్టడానికి మీ రోజులో ఏ గంట ఖాళీగా ఉందో ముందు చూసుకోండి. ఆ గంట ఉన్నవాళ్లకి ఒక్క ఛార్జింగ్‌తో 18 గంటలే వచ్చే వాచీ కూడా హాయిగా సరిపోతుంది. నాలాంటి వాళ్లకి రెండు రోజుల వాచీ కూడా తలనొప్పే.

2022లో నెల్లూరు ట్రంక్ రోడ్డులో ఒక షాపులో 1,799 రూపాయలు పెట్టి ఆ మొదటి వాచీ కొన్నాను. కంపెనీ పేరు వద్దులెండి. డబ్బా మీద '7 రోజులు' అని పెద్ద అక్షరాలతో ఉంది. నాకు కావాల్సింది అడుగుల లెక్కా కాదు, గుండె లెక్కా కాదు. రాత్రి కరెంటు పోతే నన్ను నిద్ర లేపాలి, అంతే.

గుంటల పని తెలియని వాళ్లకి ఒక మాట చెప్పాలి. పగలు నీటిలోని నాచు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయితే అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి ఆక్సిజన్‌ని వాడేస్తాయి. అందుకే తెల్లవారుజామున 3 నుంచి 5 దాకా నీటిలో ఆక్సిజన్ బాగా తక్కువగా ఉంటుంది. ఆ టైమ్‌లో కరెంటు పోయి, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే, జనరేటర్ వేసేలోపే రొయ్య ఊపిరాడక తేలొచ్చు. కరెంటు పోతే మన ఫోన్‌కి కాల్ ఇచ్చే మొబైల్ స్టార్టర్ బిగించుకున్నాం. కానీ షెడ్డులో ఫ్యాను మోతకి, పగలంతా పడిన అలసటకి, దిండు కింద ఫోన్ మోగినా మెలకువ రాదు. చేతికి వాచీ ఉంటే మణికట్టు దగ్గర గరగరలాడుతుంది. దానికి మాత్రం లేవకుండా ఉండలేం.

మొదటి వారం బ్రహ్మాండంగా ఉంది. రెండో వారంలో తెలిసింది, 7 రోజులు అన్నది నాకు రెండున్నర రోజులే వస్తోందని. ఎందుకంటే నేను బ్లూటూత్ కాలింగ్ ఆన్ చేశాను, తెర ఎప్పుడూ వెలిగేలా పెట్టాను, నిద్రలో మన రక్తంలో ఆక్సిజన్ చూసేదీ ఆన్ చేశాను. ఇవన్నీ ఆపేసి, రోజుకి కాసేపు మాత్రమే తెర వెలిగితే వచ్చే లెక్క ఆ 7 రోజులు. డబ్బా అడుగున చిన్న అక్షరాల్లో అదే రాసి ఉంది. తప్పు నాదే అనుకోండి, కానీ ఆ చిన్న అక్షరాలు చదివి కొనేవాళ్లు ఎంతమంది?

అసలు చిక్కు అది కూడా కాదు. ఎవరిని అడిగినా 'రాత్రి పడుకునేటప్పుడు ఛార్జింగ్‌లో పెట్టు' అంటారు. నాకు వాచీ కావాల్సిందే రాత్రి! పగలు పెడదామంటే రొయ్య మేత తిందో లేదో చెక్ ట్రేలు ఎత్తి చూడటం, మేత, మందులు, ఈలోపు ఎండాకాలం కరెంటు కోతలు. మధ్యాహ్నం ఛార్జింగ్‌లో పెట్టి సాయంత్రం వచ్చి చూస్తే సరిగా ఎక్కి ఉండేది కాదు. ఒక రాత్రి ఆ ఎక్కిన కాస్త ఛార్జింగ్‌తోనే పడుకున్నాను. అది 11కి ఆగిపోయినట్టుంది. 2 దాటాక కరెంటు పోయింది. నన్ను లేపింది మా నాయన.

'ఏందిరా, చేతికి అంత గడియారం కట్టుకోని ఎట్టా నిద్రబోతావుండావు?' అన్నాడు టార్చ్ మొహం మీద వేసి. ఆ రాత్రి గుంటకి ఏమీ కాలేదు, నాయన ముందే జనరేటర్ వేశాడు. కానీ పరువు పోయింది.

నాయన చేతికి ఇప్పటికీ కీ ఇచ్చే హెచ్‌ఎంటీ వాచీయే. పొద్దున మొహం కడుక్కోగానే కీ ఇస్తాడు. నేను ఛార్జింగ్ గురించి గొణుగుతుంటే, 'నేను 40 ఏళ్లుగా రోజూ కీ ఇయ్యటంలా? నీకు రోజూ వైరు గుచ్చేదానికి బరువా?' అన్నాడు. మాట సూటిగా తగిలింది. నిజమే, ఒకప్పుడు అందరూ రోజూ కీ ఇచ్చుకున్నవాళ్లే. కాకపోతే దానికి అర నిమిషం చాలు, పైగా కరెంటుతో పని లేదు. దీన్ని గంటసేపు విప్పి పెట్టాలి, ఆ గంటా కరెంటు ఉండాలి. అయినా నాయన చెప్పినదాంట్లో ఒక ఉపయోగం ఉంది. ఆయన కీ ఇవ్వడం ఎప్పుడూ మరిచిపోడు, ఎందుకంటే అది మొహం కడుక్కోవడంతో ముడిపడి ఉంది.

చెన్నైలో ఉండే మా బావ సంగతి చూడండి. ఆయనది ఆపిల్ వాచీ. ఆ కంపెనీ ఏళ్ల తరబడి చాలా మోడళ్లకి చెప్పింది 18 గంటలే. నా లెక్కలో అది పనికిరాని వస్తువు. కానీ ఆయన పొద్దున స్నానానికి వెళ్తూ ఛార్జర్ మీద పెడతాడు, టిఫిన్ తిని చేతికి పెట్టుకుంటాడు. సిరీస్ 7 మోడల్ నుంచి సుమారు 45 నిమిషాల్లో 80 శాతం దాకా ఎక్కుతుంది కాబట్టి ఆ స్నానం, ఆ రెండు దోసెలు సరిపోతాయి. బ్యాటరీ గురించి అడిగితే, 'అదొక సమస్యా?' అన్నాడు. ఆయనకి నిజంగానే కాదు. ఆఫీసు ఏసీ, ఇంట్లో ఇన్వర్టర్, రోజూ ఒకే టైమ్‌కి స్నానం.

ఇంత తేడా ఎందుకంటే, లోపల తిరిగే ఇంజన్ వేరు. ఫోన్‌లో దాదాపు 5000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీ ఉంటే వాచీలో 300 అటూ ఇటూగా ఉంటుంది. ఆపిల్, శాంసంగ్ లాంటి వాటిలో ఆ 300తోనే దాదాపు ఒక ఫోన్‌ని నడిపినట్టు, యాప్‌లన్నీ వేసుకునే పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంది. ఒక్క బల్బు కోసం పెద్ద జనరేటర్ తిప్పినట్టన్నమాట. వారం, రెండు వారాలు వచ్చే వాచీల్లో టైమ్, అడుగులు, నోటిఫికేషన్ల వరకే చూసే చిన్న వ్యవస్థ ఉంటుంది. 2018లో మన దేశంలోకి వచ్చిన అమేజ్‌ఫిట్ బిప్‌కి 190 ఎంఏహెచ్ బ్యాటరీయే, అయినా 45 రోజుల దాకా అన్నారు. తెర ఎండ వెలుతురునే వాడుకునే రకం, పైగా దాంట్లో కాల్స్ మాట్లాడే మైకూ లేదు, స్పీకరూ లేదు. 2024లో వన్‌ప్లస్ వాచ్ 2లో రెండు చిప్పులు పెట్టి, చిన్న పనులకి చిన్నదాన్నే నడిపి, 100 గంటల దాకా అన్నారు. జనరేటర్ పక్కన ఇన్వర్టర్ పెట్టుకున్నట్టు. ఆలోచన బాగుంది, ధర మాత్రం నా లెక్కకి ఎక్కువ.

ఇప్పుడు చెప్పబోయేది కొనేముందు నాకెవరూ చెప్పలేదు. బ్యాటరీ ఇవాళ ఎన్ని రోజులు వస్తుందన్నది ఒక ఎత్తు, మూడేళ్ల తర్వాత ఎన్ని రోజులు వస్తుందన్నది ఇంకో ఎత్తు. లిథియం బ్యాటరీ ప్రతి ఛార్జింగ్‌కీ కొంచెం కొంచెం అరుగుతుంది. ఆపిల్ తన వాచీ బ్యాటరీ 1000 పూర్తి ఛార్జింగ్‌ల తర్వాత 80 శాతం దాకా సామర్థ్యం నిలుపుకునేలా చేశామంటుంది. రోజుకోసారి అయితే 1000 అంటే మూడేళ్ల లోపే. 18 గంటల్లో 80 శాతం అంటే 14 గంటల పైచిలుకు. పొద్దున 6కి పెట్టుకుంటే రాత్రి ఎనిమిదిన్నరకి ఆగిపోతుంది. అంటే ఇప్పుడు ఒక రోజు వచ్చే వాచీ అప్పటికి రోజు కూడా రాదు. అదే 14 రోజులు వచ్చే వాచీ 80 శాతానికి పడినా 11 రోజులు వస్తుంది, మీకు తేడా కూడా తెలియదు. పైగా దాన్ని ఏడాదికి ఛార్జ్ చేసేది 26 సార్లే. వాడకపోయినా బ్యాటరీకి వయసు మీద పడుతుంది, నిజమే, కానీ రోజూ ఛార్జింగ్ పెట్టేదానికీ దీనికీ పోలికే లేదు. కాబట్టి ఒక రోజు వాచీ కొనేవాళ్లు దాని ధరని మూడేళ్లకి పంచి చూసుకోండి. ఏడాదికి అంత పెట్టడం మీకు సమ్మతమైతే కొనండి, తప్పేం లేదు.

ఎండ గురించి కూడా చెప్పాలి. వేడికి బ్యాటరీ తొందరగా పాడవుతుంది. ఆపిల్ తన వాచీని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మన నెల్లూరులో 35 అంటే చల్లటి రోజు! బండి మీద ఎండలో పోతుంటే వాచీ అడుగు కాలిపోతుంది. అలా వేడెక్కిన వాచీని వెంటనే ఛార్జింగ్‌లో పెట్టకుండా చల్లారాక పెట్టడం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

మొదటి వాచీ చావు మాత్రం ఉప్పు నీళ్ల వల్ల. నీళ్లలో తడిసినా ఏం కాదని రాసి ఉంది కదా అని గుంటలో చెయ్యి పెట్టేవాణ్ణి. నీళ్లు లోపలికి పోలేదు. కానీ వెనక ఛార్జింగ్ అయ్యే రెండు చుక్కల్లాంటి పిన్నుల మీద పచ్చటి తుప్పు పట్టింది. తడి ఆరకుండా ఛార్జింగ్ పెడితే ఇంకా తొందరగా పడుతుంది. చివరి నెలల్లో ఛార్జర్‌ని రబ్బరు బ్యాండు వేసి బిగించి కూర్చునేవాణ్ణి. మీరు సముద్రం ఒడ్డున ఉన్నా, చెమట ఎక్కువ పట్టే ఒళ్లయినా, రాత్రి మంచినీళ్లతో కడిగి గుడ్డతో తుడిచి పెట్టండి. పిన్నులు లేకుండా ఊరికే ఆనించితే ఎక్కే రకం అయితే ఇంకా మేలు.

రెండో వాచీ నేను కొన్నది కాదు. మా బావ వాడేసి సొరుగులో పడేసిన పాతది, ఎండలో బాగా కనిపించే తెర ఉన్న రకం. కాల్స్ మాట్లాడలేం, ఫోన్ వస్తే గరగరలాడి పేరు చూపిస్తుంది. నాకు అంతే చాలు. అన్నీ ఆపేసి, గుండె కొలతని అరగంటకోసారి పెట్టి వాడితే రెండు వారాలకి పైనే వస్తోంది. అంత పాత బ్యాటరీకి అది తక్కువేం కాదు.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా ఊరికి రెండు రోజులు కరెంటు లేదు. జనరేటర్ ఏరేటర్లకే సరిపోక, దానికి వేసిన ఒక్క ప్లగ్గు దగ్గర ఊళ్లో సగం ఫోన్లు క్యూలో ఉన్నాయి. ఆ క్యూలో వాచీ పెడతానంటే తంతారు. ఆ రెండు రోజులూ నా చేతి వాచీలో 60 శాతం ఉంది. రోజూ ఛార్జింగ్ పెట్టే వాచీలు గంటల్లోనే గాజులయ్యాయి.

ఒక అపోహ కూడా తీసేస్తాను. ఫోన్ షెడ్డులో పెట్టి వాచీతో గట్టంతా తిరగొచ్చని నేను అనుకున్నాను. బ్లూటూత్ సుమారు పది మీటర్లు దాటాక నీరసపడుతుంది, రేకుల షెడ్డు గోడ అడ్డం వస్తే ఇంకా ముందే. ఫోన్ లేకుండా కాల్స్ రావాలంటే సిమ్ పనిచేసే వాచీ కావాలి, అది బ్యాటరీని ఇంకా తొందరగా తాగేస్తుంది. ఇంకోటి, గుచ్చకుండానే షుగర్ చూపిస్తుందని అమ్మే వాచీల జోలికి పోవద్దు. అలాంటివి వాడొద్దని అమెరికాలో మందుల్ని, వైద్య పరికరాల్ని చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. మా పెద్దమ్మకి ఎవరో అలాంటిది కొనిచ్చారు, విప్పించడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంతకీ మీ సంగతి. రోజూ ఒకే టైమ్‌కి స్నానం, టిఫిన్, ఆఫీసు అయితే, ఈసీజీ, యాప్‌లు, కాల్స్ మీకు నిజంగా పనికొస్తాయనుకుంటే, ఒక రోజు వాచీకి భయపడకండి. పొలం, గుంట, లారీ, నైట్ డ్యూటీ ఇలాంటి బతుకయితే డబ్బా మీద 10 రోజులకి తక్కువ రాసిన దాన్ని నేను ముట్టుకోను, ఆ 10ని కూడా సగానికి కోసి లెక్కేస్తాను. షాపులో ధర అడిగే ముందు ఛార్జర్ విడిగా దొరుకుతుందా అని అడగండి. ఫోన్ ఛార్జర్ పక్కింట్లో అడిగినా ఇస్తారు. వాచీ ఛార్జర్ మోడల్‌కి ఒకటి, పోతే వాచీ పోయినట్టే. కావలిలో పెళ్లికి వెళ్లి ఒకటి పోగొట్టుకున్నాక నేను రెండు కొని పెట్టుకున్నాను. ఒకటి ఇంట్లో ఉంటుంది. ఇంకోటి షెడ్డులో స్టార్టర్ బోర్డు పక్కన మేకుకి వేలాడుతుంది. రెండు వారాలకోసారి ఆదివారం, మేత వేసేలోపు అక్కడ తగిలిస్తాను.