నాట్యం ఫొటోలు చెదిరిపోతున్నాయా? ముందు లెన్స్ సంగతి చూడండి

ప్రశ్న: మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది. స్టేజీ మీద ఫోన్‌తో తీస్తే చేతులు, జడ అన్నీ మసకగా పడుతున్నాయి. 50 వేల లోపు కెమెరా కొందామనుకుంటున్నాం. ఎక్కువ మెగాపిక్సెల్స్ ఉన్నదే తీసుకోవాలా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మెగాపిక్సెల్స్ గురించి టెన్షన్ పెట్టుకోకండి. 24 మెగాపిక్సెల్స్ అంటే 6000×4000 చుక్కలు. ఆల్బమ్‌లో 12×18 అంగుళాల పేజీ నిండా వేయించుకున్నా ఇంకా మిగులుతాయి.

మీ ఇబ్బందంతా వెలుతురుతోనే. అది చాలనప్పుడు ఫోన్ ఒక్కో ఫొటోకు ఎక్కువ సమయం తీసుకుంటుంది. సెకనులో 30వ వంతు ఎంతలే అనిపిస్తుంది గానీ, జతి పడేటప్పుడు ఆలోపే చెయ్యి బెత్తెడు దూరం జరిగిపోతుంది. నైట్ మోడ్ వరసగా కొన్ని ఫొటోలు తీసి ఒకటిగా కలుపుతుంది. గుడి గోపురానికి అది బ్రహ్మాండంగా ఉంటుంది, నాట్యానికి పనికిరాదు.

అందుకని కెమెరా బాడీకి పెట్టే డబ్బులో కొంత తగ్గించి లెన్స్‌కు ఉంచుకోండి. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌ను 55కి జూమ్ చేస్తే, సాధారణంగా ఎఫ్/5.6కి మించి తెరుచుకోదు. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్స్ ద్వారం పెద్దదవుతుంది. 50ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ దానికంటే తొమ్మిది రెట్లకు పైగా వెలుతురును లోపలికి రానిస్తుంది. కిట్ లెన్స్‌తో 1/30 సెకను దగ్గర చెదిరిన ఫొటోను, ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) మార్చకుండానే, దీంతో 1/250 దగ్గర తీయొచ్చు. ఈ లెన్స్‌కు జూమ్ ఉండదు, కాబట్టి ముందు వరసలో కూర్చోండి. ఏపీఎస్-సీ సైజు సెన్సర్ (ఫొటోను పట్టే చిప్) ఉన్న కెమెరాను నిలువుగా పట్టుకుంటే, అయిదు మీటర్ల దూరం నుంచి గజ్జెల దగ్గర్నుంచి తలలో పూల దాకా అమ్మాయి నిండుగా వస్తుంది.

డయల్‌ను ‘ఎస్’ మీద (కానన్‌లో ‘టీవీ’) పెట్టి షట్టర్ స్పీడ్ 1/250 ఉంచండి. ఐఎస్ఓ ఆటోలో వదిలేసి, గరిష్ఠం 6400 అని సెట్ చేయండి. ఫొటోలో కాస్త ఇసుక చల్లినట్టు కనిపించినా ఫర్వాలేదు, దాన్ని తర్వాత సరిచేసుకోవచ్చు. చెదిరినదాన్ని మాత్రం బాగుచేయలేం. వెనక నల్ల తెర ఉంటే కెమెరా పొరబడి ముఖాన్ని తెల్లగా పాలిపోయేలా చేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను -1కి తగ్గించండి, ఫొటోలో వెలుగు తగ్గుతుంది. ఫ్లాష్ వద్దే వద్దు, ఆడే పిల్ల కళ్లల్లో పడుతుంది.

ఇక మీ దగ్గర ఏ షాపులోనూ దొరకనిది ఒకటుంది. ఏ జతి ఎక్కడ ముగుస్తుందో మీకు తెలుసు. తీర్మానం (జతి ముగింపు) పడి అమ్మాయి భంగిమలో ఒక్క క్షణం నిలుస్తుంది చూడండి, బటన్ అప్పుడు నొక్కండి. ఇంట్లో సాధన చేస్తున్నప్పుడే నాలుగు రోజులు అలవాటు చేసుకుంటే చెయ్యి కుదురుతుంది.

ప్రశ్న: తెలిసినవాళ్లు పాత డీఎస్ఎల్ఆర్ అమ్ముతున్నారు. కొనొచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నేర్చుకోవడానికి హాయిగా కొనొచ్చు. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. లెన్స్ విప్పి ఒకవైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి, రెండోవైపు నుంచి ఏటవాలుగా చూడండి. లోపల సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. బేరం ఎంత తగ్గించినా ఆ లెన్స్ తీసుకోవద్దు.