టెక్ సందేహాలు: బొమ్మ మోచేయి వంగకుండా సాగుతోందా?

ప్రశ్న: బొమ్మలను కదిలించే సాఫ్ట్‌వేర్ అడోబీ క్యారెక్టర్ యానిమేటర్‌లో ఒక పాత్రను తయారు చేశాను. చేతిని మౌస్‌తో పట్టి లాగితే మోచేతి దగ్గర వంగడం లేదు, చెయ్యంతా రబ్బరులా సాగుతోంది. దాంతోపాటు నడుము కూడా పక్కకు జరిగిపోతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు: ఇవి రెండు వేర్వేరు సమస్యలు. ముందు నడుము సంగతి చూద్దాం. చెయ్యి, మొండెం ఒకే మెష్‌లో (బొమ్మను కలిపి వంచే వలలో) ఉంటే ఒకటి లాగినప్పుడు రెండోది కూడా కదులుతుంది. రిగ్ మోడ్‌లో (బొమ్మకు కీళ్లు, కదలికలు అమర్చే చోట) చేతి లేయర్ పేరు పక్కనున్న కిరీటం గుర్తు నొక్కితే అది ఇండిపెండెంట్ అవుతుంది, అంటే విడిగా కదులుతుంది. తర్వాత ఆ లేయర్ ఆరిజిన్ హ్యాండిల్‌ను (అది తిరిగే కేంద్ర బిందువును) భుజం కీలు ఉండాల్సిన చోటికి జరపండి. చాలామంది దాన్ని భుజం అంచున పెడతారు. అప్పుడు చెయ్యి ఎత్తగానే చంకలో ఖాళీ కనిపిస్తుంది. భుజం గుండ్రంగా ఉంటే ఆ గుండ్రానికి సరిగ్గా మధ్యలో ఉండాలి. అటాచ్ స్టైల్‌లో (లేయర్ మొండేనికి ఎలా అతుక్కోవాలో చెప్పే సెట్టింగ్‌లో) వెల్డ్, హింజ్, ఫ్రీ అని మూడు ఉంటాయి. భుజానికి హింజ్ ఎంచుకోండి, చెయ్యి ఆ బిందువు చుట్టూ తిరుగుతుంది.

ఇక మోచేయి. స్టిక్ టూల్‌తో పై చేతిలో ఒక కర్ర, ముంజేతిలో ఒక కర్ర గీయండి. కర్ర ఉన్న భాగం బిగుసుకుంటుంది, లేని చోట వంగుతుంది. అందుకే రెండింటి మధ్య మోచేతి దగ్గర కాస్త ఖాళీ వదలాలి. ఆ ఖాళీ మరీ ఎక్కువైతే మళ్లీ రబ్బరు చెయ్యే, మరీ తక్కువైతే కీలు దగ్గర బొమ్మ నలిగిపోతుంది. డ్రాగర్‌ను (మౌస్‌తో పట్టి లాగే బిందువును) మణికట్టు మీద పెట్టండి.

ఇంకో మాట. చేతిని అసలు బొమ్మలోనే వంచి గీసి ఉంటే దయచేసి నిటారుగా మళ్లీ గీయండి. వంగిన చేతిని చాపాలంటే లోపలి మడతలో ముడుచుకుని ఉన్న కాస్త బొమ్మే సాగాలి. అది అసహ్యంగానే వస్తుంది, ఏ సెట్టింగూ కాపాడలేదు. శ్రమ అనిపిస్తుంది కానీ రిగ్గింగ్‌లో సగం పని డ్రాయింగ్ దగ్గరే తేలిపోతుంది.

ప్రశ్న: త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో కాలికి ఐకే (పాదం కదిపితే కాలు దానంతటదే వంగే ఏర్పాటు) పెట్టాను. పాదం పైకెత్తితే మోకాలు ఒక్కోసారి వెనక్కి మడుచుకుంటోంది. పాదం కదిపితే నడుము, వెన్ను కూడా ఊగుతున్నాయి. టెన్షన్‌గా ఉంది, మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టాలా?

జవాబు: అక్కర్లేదు. ఐకే కన్‌స్ట్రెయింట్‌లో (ఐకేను నడిపే సెట్టింగ్‌లో) చైన్ లెంగ్త్ చూడండి. మొదట అది 0 ఉంటుంది. సున్నా అంటే ఏమీ లేదని కాదు, పైన తగిలించి ఉన్న బోన్లన్నీ (బొమ్మ లోపలి ఎముకలన్నీ) లెక్కలోకి వస్తాయని. కన్‌స్ట్రెయింట్ పిక్క బోన్ మీద ఉంటే 2 పెట్టండి. తొడ, పిక్క మాత్రమే కదులుతాయి, వెన్ను ఊగడం ఆగుతుంది.

మోకాలు వెనక్కి మడవడానికి కారణం వేరే. తొడ, పిక్క బోన్లు గీత గీసినట్టు నిటారుగా ఉంటే ఎటు వంచాలో సాఫ్ట్‌వేర్‌కు ఆధారం దొరకదు. ఎడిట్ మోడ్‌లోకి వెళ్లి మోకాలి జాయింట్‌ను కొంచెం ముందుకు జరపండి. కంటికి ఆననంత వంపు ఉన్నా చాలు. తర్వాత మోకాలికి ముందు, కాస్త దూరంలో ఒక బోన్ పెట్టి దాన్ని పోల్ టార్గెట్‌గా (మోకాలు ఏ వైపు చూడాలో చెప్పే గురిగా) ఇవ్వండి. అది పెట్టగానే కాలు పక్కకు తిరిగితే కంగారు పడకండి, పోల్ యాంగిల్‌ను 90, -90, 180 డిగ్రీలకు మారుస్తూ చూడండి. సాధారణంగా వీటిలో ఒకటి కుదురుతుంది. కుదరకపోతే బోన్ రోల్ (బోన్ తన పొడవు చుట్టూ తిరిగి ఉన్న కోణం) తేడాగా ఉందేమో చూడండి. ఎడిట్ మోడ్‌లో ఆ బోన్లను సెలెక్ట్ చేసి షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కితే రోల్ సరిచేసే మెనూ వస్తుంది.

ప్రశ్న: బ్లెండర్‌లోనే, నేను పెట్టిన రెండు పోజులూ బాగానే ఉన్నాయి, మధ్యలో మాత్రం చెయ్యి గిర్రున చుట్టూ తిరిగి వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: మీరు ఆ బోన్‌కు ఆయిలర్ రొటేషన్ (తిరుగుడును మూడు అక్షాల కోణాలుగా లెక్కించే పద్ధతి) వాడుతున్నట్టున్నారు. గ్రాఫ్ ఎడిటర్‌లో ఆ కర్వ్‌లను సెలెక్ట్ చేసి ఛానెల్ మెనూలోని డిస్‌కంటిన్యుటీ ఫిల్టర్ నడపండి, అది కోణాల్లో వచ్చే గెంతులను సరిచేస్తుంది. కొత్త పాత్రలో అయితే భుజం లాంటి అన్ని వైపులా తిరిగే కీళ్లకు క్వాటర్నియన్ (తిరుగుడును నాలుగు సంఖ్యలతో లెక్కించే పద్ధతి), మోచేయి లాంటి ఒకే వైపు మడిచేవాటికి ఆయిలర్ పెట్టుకోండి.