పే డే లోన్ కట్టలేకపోతే పోలీసులొస్తారా?

ప్రశ్న: అన్నా, మాది విజయవాడ, పటమట. ఓపీటీ (చదువు అయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేసుకునే అనుమతి) మీద డల్లాస్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాను. మొదటి జీతం చేతికి రాకముందే అపార్ట్‌మెంట్ డిపాజిట్ కోసం 500 డాలర్ల పే డే లోన్ (జీతం రాగానే తీర్చాల్సిన చిన్న అప్పు) తీసుకున్నాను. రెండుసార్లు గడువు పొడిగించాను, ఇక నావల్ల కావడం లేదు. సాయంత్రంలోపు కట్టకపోతే పోలీసులొస్తారని, వీసా పోతుందని ఎవరో ఫోన్ చేశారు. నాన్నగారు అక్కడ వడ్డీకి తెచ్చి పంపుతానంటున్నారు. పంపమననా?

జవాబు: ఇప్పుడే వద్దు తమ్ముడూ. ముందు ఆ ఫోన్ చేసింది ఎవరో తేలనీ.

అమెరికాలో ఇలాంటి బాకీ సివిల్ వ్యవహారం. తప్పుడు కాగితాలు పెట్టి మోసం చేస్తే అది వేరే సంగతి. కట్టలేకపోయినంత మాత్రాన అరెస్టు చేయరు, ఆ ఒక్క కారణంతో నీ వీసా స్టేటస్ పోదు. కట్టకపోతే క్రిమినల్ కేసు పెడతామని ఊరికే బెదిరించడాన్ని టెక్సాస్ చట్టం కూడా ఒప్పుకోదు. ఫోన్ చేసింది బాకీల వసూలు ఏజెన్సీ అయితే మొదటిసారి మాట్లాడిన ఐదు రోజుల్లోగా బాకీ వివరాలు నీకు రాతపూర్వకంగా అందించాలి. అది అందాక 30 రోజుల్లోపు నువ్వు అభ్యంతరం రాసి పంపితే, రుజువు చూపించేదాకా వసూలు ఆపాలి. ఉదయం 8కి ముందు, రాత్రి 9 తర్వాత ఫోన్ చేయకూడదు. పటమటలో మీ నాన్నగారికి ఫోన్ చేసి నీ అప్పు సంగతి చెప్పకూడదు. ఈసారి వాడు చేస్తే కంపెనీ పేరు, చిరునామా అడుగు. గిఫ్ట్ కార్డుల్లో కట్టమన్నాడా, వాడు దొంగే. ఫోన్ పెట్టేయ్.

మనవాళ్లకు ఈ భయం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు, నాదీ బెజవాడే. 2015 డిసెంబరులో కాల్ మనీ (అడగ్గానే అప్పిచ్చి, భారీ వడ్డీతో వేధించే దందా) బాగోతం బయటపడ్డప్పుడు ఊరంతా చూసింది. ఆ తర్వాత లోన్ యాప్‌లు వచ్చాయి. అప్పు అనగానే మనకు గుర్తొచ్చేది గుమ్మం ముందు మనుషులు, బంధువులందరికీ ఫోన్లు. అమెరికా పే డే లోన్ వాడికి మీ గుమ్మంతో పనిలేదు. వాడు నేరుగా నీ బ్యాంకు ఖాతాలో చెయ్యి పెడతాడు. భయపడాల్సింది దానికి.

అప్పు తీసుకున్నప్పుడు ముందు తేదీ వేసిన చెక్కో, ఖాతాలోంచి లాగేసుకునే అనుమతో ఇచ్చే ఉంటావు. గడువు రోజున వాడు లాగుతాడు. డబ్బు లేకపోతే బ్యాంకు జరిమానా వేయొచ్చు, లోన్ కంపెనీ తన జరిమానా తను వేయొచ్చు. ఆ అనుమతిని రద్దు చేస్తున్నానని కంపెనీకి, బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పు. ఖాతా నుంచి చెల్లింపు ఆపమనే ఆర్డరు మాత్రం కనీసం మూడు పనిదినాల ముందు ఇవ్వాలి. దానికి బ్యాంకు ఛార్జీ ఉండొచ్చు, పోనీలే. అంతేగానీ ఖాతాను మైనస్‌లో వదిలేసి ఇంకో బ్యాంకుకు పోవద్దు. అలా మూతపడ్డ ఖాతా వివరాలు బ్యాంకు ఖాతాల చరిత్ర నమోదు చేసే చెక్స్‌సిస్టమ్స్ అనేవాళ్ల దగ్గర ఐదేళ్లు ఉంటాయి. కొత్త ఖాతా తెరవడానికి వెళ్తే చాలా బ్యాంకులు ముందు చూసేది వాటినే.

వడ్డీ లెక్క మన పద్ధతిలో వేసి చూడు. వందకు 15 డాలర్ల ఫీజు, గడువు రెండు వారాలు. అంటే నెలకు నూటికి ముప్పై! మన దగ్గర రెండు రూపాయలంటే సరేనంటాం, ఐదంటే ముఖం చిట్లిస్తాం. ఏడాదికి లెక్కేస్తే 400 శాతానికి దగ్గర. రెండుసార్లు పొడిగించి నువ్వు కట్టిన 150 డాలర్లలో అసలుకు ఒక్క డాలరూ పోలేదు. 500 అలాగే ఉంది, దానిపైన ఇంకో 75. నేను తక్కువలో చెబుతున్నా, టెక్సాస్‌లో ఈ ఫీజుకు రాష్ట్ర చట్టం గరిష్ఠ పరిమితి పెట్టలేదు. నీ కాగితంలో ఇంకా ఎక్కువే ఉండొచ్చు, తీసి చూడు. మళ్లీ పొడిగించడం మాత్రం వద్దు.

కట్టకుండా వదిలేస్తే బాకీ వసూలు ఏజెన్సీకి పోతుంది. అది క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కితే ఏడేళ్ల దాకా ఉండొచ్చు. రేపు కారు లోన్‌కు, ఇల్లు అద్దెకు వెళ్లినప్పుడు అది తగులుతుంది. అంతకన్నా పెద్దది కోర్టు సమన్లు. మనవాళ్లు స్పామ్ అనుకుని పక్కన పడేస్తారు. టెక్సాస్ జస్టిస్ కోర్టులో (చిన్న మొత్తాల కేసులు చూసే కోర్టు) సమన్లు అందిన 14 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అవతలివాళ్లు అడిగినట్టే తీర్పు రావచ్చు. ఇలాంటి అప్పుకు జీతం జప్తు చేయడాన్ని టెక్సాస్ ఒప్పుకోదు. చాలా రాష్ట్రాల్లో అయితే చేతికొచ్చే జీతంలో 25 శాతం దాకా పట్టుకోవచ్చు. టెక్సాస్ కదా అని నిశ్చింతగా ఉండకు, జీతం ఖాతాలో పడ్డాక ఆ రక్షణ పోతుంది. తీర్పు చేతిలో ఉన్నవాడు ఆ ఖాతాను స్తంభింపజేయించగలడు.

కాబట్టి లోన్ కంపెనీకి నువ్వే ఫోన్ చెయ్యి. ఫీజు లేకుండా వాయిదాల్లో కడతానని అడుగు, ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకున్నాకే మొదటి వాయిదా కట్టు. ఇంకోపక్క దగ్గర్లోని ఫెడరల్ క్రెడిట్ యూనియన్‌లో (సభ్యులే నడుపుకునే సహకార బ్యాంకు లాంటిది) చేరు. వాటిలో కొన్ని పే డే లోన్‌కు బదులుగా 2,000 డాలర్ల దాకా చిన్న అప్పులిస్తాయి. వాటికి వడ్డీ ఏడాదికి 28 శాతం మించకూడదు, దరఖాస్తు ఫీజు 20 డాలర్లు దాటకూడదు. 28 శాతం అంటే మన లెక్కలో నూటికి రెండున్నర లోపే.

ఇక నాన్నగారి సంగతి. బ్యాంకులో దాచుకున్న డబ్బు ఉంటే అందులోంచి పంపమను, సిగ్గుపడాల్సిందేం లేదు. బయట వడ్డీకి తెచ్చి మాత్రం వద్దు. పంపినా నీ ఖాతాకే పంపాలి, ఫోన్‌లో బెదిరించినవాడు చెప్పిన ఖాతాకు కాదు. ఈ రాత్రికే ఆయనకు ఫోన్ చేసి ఆ మాట చెప్పు, లేకపోతే టెన్షన్‌లో రేపు పొద్దున్నే వడ్డీ వ్యాపారి దగ్గరకు బయల్దేరతారు.